ఐదు లక్షల ఫోర్ బై ఫోర్: పాత యెటి కొనాలా, వద్దా?

వానలు మొదలయ్యేసరికి బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం ప్రకటన తిరగడం మొదలవుతుంది. "స్కోడా యెటి ఫోర్ బై ఫోర్, 2.0 డీజిల్ టర్బో, ఢిల్లీ బండి, ఎన్‌ఓసీ రెడీ, ఐదు లక్షలు, కూర్చుని మాట్లాడుకుందాం." దాని కింద వచ్చే జవాబులు రెండే రకాలు. ఒకటి: "వద్దు బ్రో, ఇంజన్ పోతే ఇల్లు అమ్ముకోవాలి." రెండోది: "కళ్లు మూసుకుని తీసుకో, ట్యాంకు లాంటి బండి." ఈ రెండింటిలో ఏదీ కొనేవాడికి పనికిరాదు. ఇంజన్ గురించి అందరూ భయపడతారు, కానీ ఆ బండిలో ముందుగా పరీక్షించి తెలుసుకోగలిగింది ఇంజనే. అసలు ముంచేవి వేరే ఉన్నాయి: చప్పుడు చేయకుండా చచ్చిపోయిన వెనక డ్రైవ్, కర్ణాటక లైఫ్ ట్యాక్స్, దొరకని హెడ్‌లైటు. వాటి గురించి ఎవరూ అడగరు.

అసలు ఈ కోరిక యెటి దగ్గరికే ఎందుకు వెళ్తుందో ముందు చెప్పుకోవాలి. ఎస్టేట్ కారు, అంటే పొడుగు డిక్కీ ఉన్న కారు, మన దేశంలో ఎప్పుడూ నిలబడలేదు. 1992లో టాటా ఎస్టేట్, ఆ తర్వాత కోర్సా స్వింగ్, సియెనా వీకెండ్, బలేనో ఆల్టురా, ఇండిగో మెరీనా, ఆక్టేవియా కాంబి, అన్నీ వచ్చాయి, వెళ్లాయి. టర్బో, నాలుగు చక్రాల డ్రైవ్, పెద్ద డిక్కీ మూడూ కలిసిన వోల్వో వీ90 క్రాస్ కంట్రీ 2017లో వచ్చింది గానీ, దాని ధర వేరే లోకం. కాబట్టి కారులా నడుస్తూ, నాలుగు చక్రాలూ తిరుగుతూ, సామాను మోసే పాత బండి చవకగా కావాలంటే ముఖ్యంగా మిగిలేవి రెండు: 2010 చివర్లో వచ్చిన యెటి ఫోర్ బై ఫోర్, 2014లో వచ్చిన రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ (ఇదీ నాలుగు చక్రాల డ్రైవే). టాటా ఏరియా, మహీంద్రా ఎక్స్‌యూవీ500 కూడా ఉన్నాయి కానీ అవి ఇంకా పెద్ద, బరువైన బళ్లు. వాటి లెక్క వేరు.

యెటిలో 140 పీఎస్, 320 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల మాన్యువల్. వెనక సీట్లు ఒక్కొక్కటిగా ఊడదీసి ఇంట్లో పెట్టేస్తే దాదాపు 1,760 లీటర్ల చోటు. బెంగళూరు నుంచి అనంతపురం మీదుగా కర్నూలు వెళ్లే జాతీయ రహదారి 44 మీద ఈ బండి నడిచే తీరు, ఇదే ధరకు దొరికే మరే బండిలోనూ లేదు. ఆకర్షణ నిజమైనదే.

ఇంజన్: భయం ఎక్కువ, పరీక్ష సులువు

స్కోడా ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులోదే, ఈ ఇంజన్ వాళ్ల ఈఏ189 కుటుంబం. 2015లో ఉద్గారాల మోసం బయటపడింది ఈ కుటుంబంలోనే. మన దేశంలో ఆ గ్రూపు 3 లక్షలకు పైగా బళ్లను సాఫ్ట్‌వేర్ మార్పు కోసం వెనక్కి పిలవాల్సి వచ్చింది. కొనే బండికి ఆ మార్పు జరిగిందో లేదో సర్వీస్ చరిత్రలో చూడండి. ఆ పేరు చెడ్డదైనా ఇంజన్ గట్టిది. లోపాలు కూడా తెలిసినవే.

మొదటిది టైమింగ్ బెల్ట్. తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజన్ హెడ్ విప్పాల్సిందే. మాన్యువల్‌లో ఎంత దూరం రాసి ఉన్నా, పదేళ్లు దాటిన రబ్బరును నమ్మకూడదు. బెల్ట్ ఎప్పుడు మార్చారంటే బ్రోకరు ఠక్కున "షోరూంలోనే చేయించారు సార్" అంటాడు. "మంచిదన్నా, బిల్లు చూపించు" అనండి. బిల్లులో బెల్ట్ ఒక్కటే ఉంటే పని సగమే జరిగినట్టు. వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే, కాబట్టి బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారి చూపే ఐడ్లర్ చక్రాలు, వాటర్ పంపు నాలుగూ ఒకేసారి మారాలి. పంపు బేరింగు పట్టేసినా, కొత్త బెల్ట్ కూడా తెగుతుంది. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలోంచి తగ్గించండి.

రెండోది టర్బో, అంటే పొగ ఊపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టే పంపు. ఇందులో ఎగ్జాస్ట్ వైపు కదిలే రెక్కలుంటాయి. సిల్క్ బోర్డు, మారతహళ్లి ట్రాఫిక్‌లో రోజూ మొదటి, రెండో గేర్లలో పాకే బండికి ఆ రెక్కల చుట్టూ మసి పేరుకుంటుంది. అవి ఒక చోట పట్టేసినప్పుడు పికప్ హఠాత్తుగా చచ్చిపోతుంది, బండి పక్కన ఆపి తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా లాగుతుంది. అమ్మేవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు. అందుకే టెస్ట్ డ్రైవ్ రెండు వీధులు తిరిగి వచ్చేదిగా ఉండకూడదు. నైస్ రోడ్డు లాంటి ఖాళీ చోట మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి 3,500 దాకా లాగించండి. ఊపు ఒకే తీరుగా పెరగాలి. ఇలా నాలుగైదు సార్లు చేశాక స్కానర్ (బండి కంప్యూటరులో నిల్వ ఉన్న లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టి చూడండి: పీ0299 అంటే టర్బో ఒత్తిడి చాలలేదని, పీ0234 అంటే ఎక్కువైందని. పీ2015 వస్తే లోపం సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ లోపలి ఫ్లాపులది.

టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టంలో ఆయిల్ తడి కొంచెం ఉండటం సహజం. మడుగు కట్టి ఉంటే సహజం కాదు. గాలి గొట్టం ఊడదీసి టర్బో షాఫ్టును వేళ్లతో పట్టుకుని చూడండి. పక్కలకు లవలేశం కదిలితే ఫర్వాలేదు, ముందుకీ వెనక్కీ కదిలితే అది ఎన్నాళ్లో ఉండదు.

మూడోది క్లచ్, దాని వెనక ఉండే రెండు ముక్కల ఫ్లైవీల్ (ఇంజన్ కుదుపులను మింగే బరువైన చక్రం). న్యూట్రల్‌లో నిలబెట్టినప్పుడు కింద గలగల వినిపించి, క్లచ్ తొక్కగానే ఆ చప్పుడు మారితే అనుమానించండి. ఐదో గేరులో 60 కిలోమీటర్ల వేగంలో ఒక్కసారిగా తొక్కండి. ఆర్‌పీఎం లేచి వేగం లేవకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. క్లచ్ ఒక్కటే మార్చి పాత ఫ్లైవీల్‌ను ఉంచేయడం అనే పొదుపు ఏడాదిలోపు గేర్‌బాక్స్‌ను మళ్లీ దింపిస్తుంది.

ఇవన్నీ చూడటానికి ఒక పూట, ఒక మంచి మెకానిక్, ఒక స్కానర్ చాలు. చూడటానికి వెళ్లేముందు ఫోన్‌లో ఒకటే షరతు పెట్టండి: మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, దాచాల్సింది ఏదో ఉందన్న అనుమానంతోనే మిగతా పరీక్ష మొదలుపెట్టండి.

ఫోర్ బై ఫోర్ నిజంగా పనిచేస్తోందా?

నా అభ్యంతరం అసలు ఇక్కడ. యెటిలో వెనక చక్రాలకు అన్ని వేళలా శక్తి అందదు. ముందు చక్రాలు జారినప్పుడు హాల్డెక్స్ అనే క్లచ్ జత వెనక డిఫరెన్షియల్ ముందు బిగుసుకుంటుంది. దాన్ని బిగించేది ఆయిల్ ఒత్తిడి, ఆ ఒత్తిడి ఇచ్చేది ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు. క్లచ్ ప్లేట్ల నుంచి రాలే పొడి ఆయిల్‌లో కలిసి ఫిల్టరును మూసేస్తుంది, పంపు మోయలేక కాలిపోతుంది. ఆ తర్వాత బండి మామూలు ముందు చక్రాల బండి అవుతుంది. చాలాసార్లు మీటరులో ఏ లైటూ వెలగదు. ఏళ్ల తరబడి అలా నడిపే ఓనర్లు ఉంటారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు తెలియదు.

ఆ ఆయిల్ మొత్తం కలిపి ఒక లీటరు లోపే. కంపెనీ లెక్క 60,000 కిలోమీటర్లకోసారి. మన దుమ్ముకీ ఎండకీ 40,000కో మూడేళ్లకో మార్చడం మేలు. మొదటి బళ్లలో విడిగా ఫిల్టరు ఉంటుంది. ఫేస్‌లిఫ్ట్ (బండి రూపురేఖలు మార్చడం) తర్వాత వచ్చిన తరంలో మార్చే ఫిల్టరు లేదు, పంపు ముందు సన్నని జల్లెడ ఉంటుంది. దాన్ని విప్పి కడగడం సర్వీస్ జాబితాలో లేదు కాబట్టి ఎవరూ ముట్టుకోరు. కొనే బండిలో ఏ తరం ఉందో చాసీ నంబరుతో తెలుసుకోండి. దీని ఆయిల్ వేరు, వెనక డిఫరెన్షియల్ ఆయిల్ వేరు, గేర్‌బాక్స్ పక్కన శక్తిని వెనక్కి మళ్లించే పెట్టె ఆయిల్ వేరు. "గేర్ ఆయిల్ మార్చాం" అన్న బిల్లులో ఈ మూడూ ఉంటాయనుకోకూడదు. విడివిడిగా రాసి ఉండాలి.

పరీక్ష ఇలా. వదులు కంకర ఉన్న ఎత్తు ఎక్కడైనా చూసుకోండి. కట్టుబడి జరుగుతున్న లేఔట్లు నగరం చుట్టూ బోలెడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మొదటి గేరులో కొంచెం మోటుగా క్లచ్ వదలండి. ఒక మనిషి బయట నిలబడి వెనక చక్రాలు చూడాలి. ముందు చక్రాలు ఒక్క క్షణం గోకి, వెంటనే వెనకవి తొయ్యాలి. అనుమానం తీరకపోతే ఇంజన్ ఆపి హాల్డెక్స్ ఫ్యూజు తీసి, అదే ఎత్తు అదే తీరున ఎక్కించండి. హెచ్చరిక లైట్లు వెలుగుతాయి, ఫర్వాలేదు. ఫ్యూజు ఉన్నప్పటికీ లేనప్పటికీ తేడా ఏమీ కనిపించకపోతే, మీకు అమ్ముతున్నది రెండు చక్రాల డ్రైవ్ బండి. స్కానర్‌లో 22 నంబరు మాడ్యూల్ (నాలుగు చక్రాల డ్రైవ్‌ది) తెరిస్తే నిల్వ ఉన్న లోపాలు కూడా కనిపిస్తాయి.

ఇంకొకటి టైర్లు. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందు రెండు కొత్తవి వేసి వెనక పాతవి వదిలేస్తే చుట్టుకొలతలు తేడా వచ్చి ఆ క్లచ్ జత ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. ఒక్క టైరు పంక్చరై పాడైతే రెండు, ఒక్కోసారి నాలుగు కొనాల్సి రావచ్చు. దీన్ని ఖర్చులో ఎవరూ రాసుకోరు.

చచ్చిన హాల్డెక్స్‌తో ఉన్న బండి కొనడం అన్నిటికన్నా చెడ్డ బేరం. అదనపు బరువు మోస్తారు, అదనపు డీజిల్ పోస్తారు, శక్తిని వెనక్కి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్య బేరింగు 60, 80 కిలోమీటర్ల మధ్య గుర్రుమంటుంటే వింటారు, బురదలో మాత్రం ఆగిపోతారు.

మీకు అది అవసరమా?

బెంగళూరులో నీళ్లు నిలిచిన అండర్‌పాస్ దాటడానికి ఫోర్ బై ఫోర్ కావాలని చాలామంది అనుకుంటారు. అక్కడ ముంచేది చక్రాల పట్టు కాదు, ఇంజన్ గాలి పీల్చే చోటి ఎత్తు. సిలిండర్లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, నాలుగు చక్రాలు తిరిగినా అంతే. బ్రేకు పడటానికి కూడా ఫోర్ బై ఫోర్ సాయం చేయదు. అది సాయం చేసేది సకలేశపుర, చిక్కమగళూరు కాఫీ తోటల ఎర్రమట్టి ఎత్తుల్లో, వాన పడ్డ రాయలసీమ నల్లరేగడి బాటలో, తడిసిన ఘాట్ మలుపులో. పొలం ఉన్నవాళ్లకు, తోటకు నెలనెలా వెళ్లేవాళ్లకు అది నిజమైన అవసరం. ఏడాదికోసారి హార్స్‌లీ హిల్స్ వెళ్లేవాళ్లకు మంచి టైర్లు చాలు. వాళ్లు 110 పీఎస్ రెండు చక్రాల డ్రైవ్ యెటి తీసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

అలాగే, ఆఫీసు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉండి రోజూ దీన్నే తీద్దామనుకుంటే వద్దు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోయే ప్రయాణాలు ఈజీఆర్ వాల్వును (పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపేది), టర్బో రెక్కలను మసితో నింపుతాయి. ఇంట్లో ఒక చిన్న పెట్రోల్ కారు ఉండి, ఇది వారాంతాల్లో రెండు మూడు వందల కిలోమీటర్లు దూకడానికి వాడే రెండో బండి అయితే, అదే ఇంజన్ శుభ్రంగా ఉంటుంది. ఒకటే బండి పెట్టుకునే ఇంటికి దీన్ని సిఫారసు చేయలేను. భాగం రావడానికి మూడు వారాలు పడితే పిల్లల స్కూలు ఆగదు కదా.

ఢిల్లీ బండి లెక్క

పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీలో తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ (ఎన్‌జీటీ) 2015లో ఇచ్చిన ఉత్తర్వు, 2018లో దాన్ని నిలబెట్టిన సుప్రీంకోర్టు మాట వల్ల అలాంటి బళ్లు ఢిల్లీ నుంచి దక్షిణాదికి ప్రవాహంలా వచ్చాయి. చవక అందుకే. బండి చెడ్డదని కాదు. కానీ ప్రకటనలో ఉన్న ధర మీ ధర కాదు. బయటి రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే మళ్లీ రిజిస్టర్ చేయించాలి, కర్ణాటక లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ పన్ను మీరు ఇచ్చిన ఐదు లక్షల మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి విలువను బట్టి, వయసుకు తగ్గింపు ఇచ్చి లెక్కిస్తారు. కొత్తలో పదిహేను లక్షలు దాటిన బండికి ఆ మొత్తం చిన్నది కాదు. ముందే ఆర్‌టీఓలో లెక్క వేయించుకుని ధరకు కలపండి. కలిపాక కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉన్న బండే చవకని తేలడం మామూలు.

కాగితాల్లో ఫారం 28 అంటే ఎన్‌ఓసీ (పాత ఆర్‌టీఓ అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం), 29, 30 బదిలీవి, లోను ఉన్న బండైతే 35 కూడా. పాత చలాన్లు రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైటులో చూసుకోవాలి. ఆర్‌సీలో ఓనరు పేరు, అమ్మేవాడి ఆధార్ పేరు కలవకపోతే, మధ్యలో ఎంతమంది చేతులు మారిందో తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

మునిగిన బళ్ల సంగతి కూడా. చెన్నై 2015 వరద, బెంగళూరు 2022 సెప్టెంబరు వాన, రెండూ బోలెడు బళ్లను ముంచాయి. అవి కడిగి, సీట్లు మార్చి తిరిగి అమ్మకానికి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి: ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద మట్టి గీత ఉంటే చాలు. సీటు పట్టాల బోల్టులు తుప్పు, డిక్కీలో స్టెప్నీ కింద బురద పొర, హెడ్‌లైటు లోపల ఆవిరి కూడా అదే చెప్తాయి. యెటిలో హాల్డెక్స్ కంట్రోల్ యూనిట్ కూడా వెనక కింద, నేలకు దగ్గరగా ఉంటుంది. దాని కనెక్టరు ఊడదీసి పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో టార్చి వేసి చూడండి.

దొరకనిది ఇంజన్ భాగం కాదు

స్పేర్లు దొరకవన్న మాటలో సగమే నిజం. బెల్ట్, ఇంజెక్టరు, క్లచ్, సస్పెన్షన్ బుష్షులు అదే కాలపు స్కోడా లారా, సూపర్బ్, ఫోక్స్‌వ్యాగన్ పసాట్‌లతో చాలావరకు కలుస్తాయి. బెంగళూరు స్పేర్ల బజారు జేసీ రోడ్డులో అడిగితే ఒరిజినల్ తయారీదారుల భాగాలు దొరుకుతాయి. యెటికి మాత్రమే సరిపోయేవి దొరకవు: హెడ్‌లైటు, టెయిల్ ల్యాంపు, బంపరు, డోర్ అద్దం, వెనక గ్లాసు. మన దేశంలో అమ్ముడైన యెటీలే తక్కువ. ఒక ఆటో ముద్దుపెట్టుకుంటే వచ్చే పగులుకు వారాల తరబడి ఎదురుచూపు, లేదా శివాజీనగర్ గుజిరీలో, అంటే పాత సామాన్ల బజారులో వేట. అందుకే కొనేటప్పుడు ఇంజన్ ఎంత చూస్తారో లైట్లు, అద్దాలు, వాటి మోటార్లు అంతే శ్రద్ధగా చూడండి. చిన్న బంపరు గీత కోసం వెయ్యి తగ్గించమని బేరమాడేవాళ్లు, పగిలిన హెడ్‌లైటు బ్రాకెట్‌ను పట్టించుకోరు. ఆ బ్రాకెట్ విడిగా దొరకకపోతే లైటు మొత్తం మార్చాలి.

ఈ ఒక్క విషయంలో డస్టర్ ఏడబ్ల్యూడీ బాగా ముందుంది. రెండు చక్రాల డ్రైవ్ డస్టర్లు ఊరంతా ఉన్నాయి, బాడీ భాగాలు చాలావరకు అవే. 1.5 డీసీఐ ఇంజన్, 110 పీఎస్, వెనక విడి సస్పెన్షన్, 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్. మొదటి గేరు ఎంత పొట్టిదంటే, 1,000 ఆర్‌పీఎం దగ్గర గంటకు ఆరు కిలోమీటర్లు కూడా వెళ్లదు. చదును రోడ్డు మీద రెండో గేరులోనే కదిలిస్తారు. బురద ఎత్తులో ఆ మొదటి గేరే కాపాడుతుంది. డిక్కీ 410 లీటర్లు, రెండు చక్రాల డస్టర్ కంటే తక్కువ. ఆయిల్ మార్పులు ఎగ్గొట్టిన ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరుగుతాయి, కాబట్టి ఆయిల్ బిల్లులు లేని బండి వద్దు. లోపలి ప్లాస్టిక్కు, సీట్లు, హైవే మీద నిలకడ యెటి అంత లేవు. ఊరికి, పొలానికి అయితే నేను డస్టర్ అంటాను. రహదారి మీద నడిపే ఆనందం ముఖ్యమై, గ్యారేజీ మనిషి చేతికి దగ్గరగా ఉంటే యెటి.

ఎంత డబ్బు, ఏ ఏడాది?

ఐదు లక్షలు చేతిలో ఉంటే మూడున్నర లక్షల బండి చూడాలి, ఐదు లక్షల బండి కాదు. మిగతా లక్షన్నర మొదటి రెండు నెలల్లో బెల్ట్ జత, నాలుగు రకాల ఆయిళ్లు, బ్రేకులు, టైర్లకు వెళ్లిపోతుంది. ఈ మాటకు ఎదురు వాదన నాకు తెలుసు: అంత డబ్బుకు మూడేళ్ల పాత చిన్న పెట్రోల్ కారు వస్తుంది, దానికి ఇవేవీ అక్కర్లేదు. నిజమే. పనికి బండి కావాల్సిన వాళ్లు అదే తీసుకోవాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఇదే చోటు, ఇదే పట్టు, మాన్యువల్ డీజిల్‌తో కొత్త బండి కావాలంటే ధర దీనికి కొన్ని రెట్లు ఉంటుంది. ఆ తేడా చూసి, సర్వీసుకు ఓపికా తీరికా ఉన్నవాళ్లు ఈ దారిలోకి వస్తే తప్పు పట్టలేను.

బిల్లులన్నీ ఉన్న బండికి లక్ష ఎక్కువ అడిగితే ఇవ్వండి. బెల్ట్, హాల్డెక్స్ ఆయిల్, క్లచ్ బిల్లులు ఉన్నాయంటే ఆ లక్ష ఇప్పటికే బండిలో ఖర్చయినట్టు.

ఇక ఏడాది సంగతి. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, ఫారం 25తో ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ కేంద్ర రుసుము 5,000 రూపాయలు, గ్రీన్ ట్యాక్స్ అదనం. 2010, 2011 యెటీలు సరిగ్గా ఈ గడపకు వచ్చాయి, చవకగా బయటికి వస్తున్నది కూడా అందుకే. పొగ ఎక్కువున్న ఇంజన్‌తో ఆ పరీక్షకు వెళ్లాల్సింది అమ్మినవాడు కాదు, మీరు. 2014 తర్వాతి బండి అయితే, రూపాయి ఎక్కువైనా, కనీసం 2029 దాకా ఆ పరీక్ష ఉండదు. పాతదే కావాలంటే మాత్రం రెన్యువల్ అమ్మేవాడి చేతే చేయించి, కొత్త తేదీ పడ్డ ఆర్‌సీ చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.